చెట్టుకూ జంతువుకూ ఉమ్మడి పేర్లు

మిరపకాయను నిలువుగా చీల్చినప్పుడు గింజలు అంటుకుని కనిపించే తెల్లని మెత్తని కండకు వృక్షశాస్త్రం పెట్టిన పేరు ప్లాసెంటా. తల్లి కడుపులో బిడ్డకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించి, కాన్పు తరవాత బయటికి వచ్చే మాయకు వైద్యశాస్త్రంలో ఉన్న పేరూ అదే. మిరప ఘాటుకు మూలమైన కాప్సైసిన్ తయారయ్యేది, చాలామంది అనుకునేటట్టు గింజల్లో కాదు, ఈ తెల్లని కండ పైపొరలోని కణాల్లో. గింజలకు పట్టిన ఘాటు చాలావరకు ఆ కండను ఆనుకుని ఉండడం వల్ల అంటినదే కాబట్టి, కారం తగ్గించదలచినవారు గింజలు దులిపి ఊరుకుంటే చాలదు, కండను కూడా గీకి పారవేయాలి. మాయకూ ఈ కండకూ ఉన్న పోలికల్లా రెండూ ఎదుగుతున్న సంతానాన్ని తల్లి దేహానికి అతికించి ఉంచడం, రెండింటి గుండా ఆహారం సరఫరా కావడం. అంతకు మించి వాటి మధ్య చుట్టరికం ఏమీ లేదు.

ఇటువంటి జంట పేర్లు జీవశాస్త్రంలో కొల్లలు. అండాశయం, పిండం, బాహ్యచర్మం, వల్కలం, దవ్వ, గ్రంథి, కేశం, నాళం అనే మాటలు వృక్షశాస్త్ర గ్రంథంలోనూ కనిపిస్తాయి, జంతుశాస్త్ర గ్రంథంలోనూ కనిపిస్తాయి. పేరు ఒకటైనంత మాత్రాన అవయవం ఒకటి కాదని శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు గాని, ఆ పేర్లను మాత్రం వదులుకోలేదు. అవి ఎలా వచ్చాయో, ఎక్కడ శాస్త్రానికి దారి చూపాయో, ఎక్కడ దారి తప్పించాయో పరిశీలిస్తే జీవశాస్త్ర చరిత్రలో పెద్ద భాగమే కళ్లముందుకు వస్తుంది.

చెట్టును మనిషి దేహంతో అంగాంగంగా పోల్చడం చాలా పాత అలవాటు. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయం చివర, జనకుని సభలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన శ్లోకాలలో మనిషి వెంట్రుకలకు చెట్టు ఆకులు, చర్మానికి పైబెరడు, నెత్తురుకు గాటు పెడితే కారే రసం, మాంసానికి లోపలి బెరడు, స్నాయువులకు నార, ఎముకలకు కొయ్య, మజ్జకు చెట్టు నడిమి మెత్తని భాగం వరుసగా జతపడతాయి. అక్కడ ఉద్దేశం శరీర నిర్మాణాన్ని బోధించడం కాదు. నరికిన చెట్టు వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది, మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి పుడతాడన్న ప్రశ్నకు ఆ పోలిక పీఠిక మాత్రమే. అయినా ఆ జతలు కూర్చినవారు చెట్టు కాండాన్ని అడ్డంగా కోసి పొరపొరా చూసినవారేనని ఒప్పుకోక తప్పదు.

గ్రీకుల దగ్గర ఇదే పోలిక వేరే పనికి వచ్చింది. చెట్లు కూడా గుడ్లు పెడతాయనీ, ఆలివ్ కాయలే ఆ గుడ్లనీ ఎంపెడోక్లిస్ అన్నట్టు అరిస్టాటిల్ రాశాడు. విత్తనమూ గుడ్డూ ఒకటేనన్న ఆ భావన రెండు వేల ఏళ్ల తరవాత కూడా వృక్షశాస్త్ర పదజాలాన్ని శాసిస్తూ వచ్చింది. అరిస్టాటిల్ తన వంతుగా, ఆహారం తీసుకునే భాగం కాబట్టి వేరు జంతువు తలకు సమానమన్నాడు, అంటే ఆయన లెక్కలో చెట్టు తలకిందులుగా నిలిచిన జీవి. ఆయన శిష్యుడు థియోఫ్రాస్టస్ మరింత జాగ్రత్తపరుడు. మొక్కలోని పోగులనూ, రసం ఉండే గొట్టాలనూ, మెత్తని భాగాన్నీ నరాలు, సిరలు, మాంసం అని పిలుస్తూనే, వీటికి సొంత పేర్లు లేవు కాబట్టి పోలికను బట్టి జంతువుల పేర్లు వాడవలసి వస్తున్నదనీ, ప్రతి విషయంలోనూ మొక్కను జంతువుకు సరిపోల్చాలని పట్టుబట్టకూడదనీ హెచ్చరించాడు. ఆ హెచ్చరికను తరవాతివారు పట్టించుకుని ఉంటే కొన్ని తప్పటడుగులు తప్పేవి, కొన్ని కొత్త సంగతులూ బహుశా తప్పిపోయేవి.

సూక్ష్మదర్శిని చేతికి వచ్చాక పదాల అరువు ఒక్కసారిగా పెరిగింది. 1671 డిసెంబరులో లండన్‌లోని రాయల్ సొసైటీ ముందుకు, మొక్కల లోపలి నిర్మాణాన్ని గురించి ఇద్దరు వైద్యులు వేరువేరుగా చేసిన పరిశీలనలు దాదాపు ఒకేసారి వచ్చాయి: ఒకరు ఇటలీలోని బొలోన్యాకు చెందిన మార్సెల్లో మాల్పీగీ, మరొకరు ఇంగ్లండుకు చెందిన నెహెమయా గ్రూ. ఇద్దరూ వైద్యులు కావడం ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే శవపరీక్షలో నేర్చిన పేర్లే వాళ్ల నోటికి ముందు వచ్చేవి. మొక్కనూ జంతువునూ రూపొందించినది ఒకే దైవబుద్ధి కాబట్టి జంతువులో ఉన్న అమరిక మొక్కలోనూ వెతికితే దొరుకుతుందన్న నమ్మకంతో గ్రూ ఈ పనిలోకి దిగాడు. కాలేయం వంటి అవయవాల కండకు ప్రాచీన అలెగ్జాండ్రియా వైద్యుడు ఎరాసిస్ట్రాటస్ నాటి నుంచి ఉన్న పారెంకైమా అన్న పేరును మొక్కలోని మెత్తని కణజాలానికి తగిలించినవాడూ ఆయనే. నేడు తెలుగు పాఠ్యపుస్తకాలలో దానిని మృదుకణజాలం అంటున్నారు. వైద్యులు మాత్రం కాలేయం, ఊపిరితిత్తులు వంటి వాటిలో అసలు పని చేసే కణజాలాన్ని ఇప్పటికీ పారెంకైమా అనే పిలుస్తున్నారు.

మాల్పీగీ కథ ఇంకా ఆసక్తికరమైనది. కప్ప ఊపిరితిత్తిలో రక్తకేశనాళికలను చూసి, 1669లో పట్టుపురుగు దేహనిర్మాణం మీద గ్రంథం ప్రచురించిన ఆయనకు, పురుగు ఒంటినిండా కొమ్మలు కొమ్మలుగా వ్యాపించిన గాలిగొట్టాలు బాగా తెలుసు. ఆ గొట్టాల లోపలి గోడకు సన్నని తీగ మెలికలు చుట్టినట్టుగా గట్టి దారం ఒకటి ఉంటుంది. మొక్కల లేత భాగాలను తుంచి చూసినప్పుడు అచ్చం అటువంటి మెలిక దారాలే ఆయనకు కనిపించాయి. ఇందుకు పరికరాలు కూడా అక్కరలేదు: తామరతూడును విరిచి రెండు ముక్కలనూ మెల్లగా దూరం లాగితే సాలెపోగుల కంటే సన్నగా సాగివచ్చే దారాలు ఈ మెలికలే, నీటిని మోసే నాళాల లోపలి గోడ నుంచి చుట్ట విడి బయటపడినవే. మాల్పీగీ వీటిని కూడా పురుగుల గాలిగొట్టాల పేరుతోనే ట్రాకియా అని పిలిచి, మొక్కలు వీటితో ఊపిరి పీలుస్తాయని తీర్మానించాడు. అంతటితో ఆగక, జీవి ఎంత తక్కువ స్థాయిదైతే శ్వాసావయవాలు దేహంలో అంత ఎక్కువ చోటు ఆక్రమిస్తాయని ఒక నియమం కూడా ఊహించాడు. మొక్కకు నిలువెల్లా గాలిగొట్టాలు, పురుగుకు కొంత తక్కువ, చేపకు మొప్పలు, మనిషికి రెండు ఊపిరితిత్తులతో సరి.

ఆ నియమం తప్పు, నాళాలలో ఉండేది గాలి కాదు నీరు, పైగా పక్వమయ్యాక ఆ నాళాల కణాలు చనిపోయి గోడలు మాత్రమే మిగులుతాయి. అయినా పేరు చెరిగిపోలేదు. 1863లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ సానియో, దారువులో రెండు కొనలూ మూసుకుని పొడవుగా ఉండే ఒక రకం కణాలకు ట్రాకీడ్ అని పేరు పెట్టడంతో, మాల్పీగీ పొరబాటు శాస్త్రంలో శాశ్వతంగా స్థిరపడింది. జంతువుల పక్షాన కూడా ఈ పేరు పుట్టుక సవ్యమైనదేమీ కాదు: శవాల ధమనులు ఖాళీగా కనిపించడంతో వాటిలో గాలి పారుతుందని నమ్మిన గ్రీకులు గొంతు గొట్టాన్ని కూడా ధమనిగానే లెక్కించి, గరుకుగా ఉందని గరుకు ధమని అన్నారు, ఆ రెండు మాటల్లో ధమని రాలిపోయి, గరుకు అని అర్థమిచ్చే ట్రాకియా మాత్రమే మిగిలింది.

అయితే మాల్పీగీని పూర్తిగా తోసిపుచ్చడం అన్యాయమవుతుంది. మెలిక దారం ఎందుకు ఉన్నదని అడిగితే జవాబు రెండు చోట్లా ఒకటే. పురుగు గాలిగొట్టం చుట్టూ ఉన్న కండరాల ఒత్తిడికీ ద్రవాల ఒత్తిడికీ నొక్కుకుపోకుండా తెరుచుకుని ఉండాలి. ఎండవేళ ఆకుల నుంచి నీరు ఆవిరవుతున్నప్పుడు దారునాళంలోని నీటిస్తంభం పైకి లాగబడుతుంది, ఆ లాగుడు వాతావరణ పీడనానికి పదింతల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది, అప్పుడు నాళం గోడలు లోపలికి కుంగిపోకుండా నిలబడాలి. గోడ అంతటినీ మందంగా కడితే లేత భాగం సాగి పెరగలేదు, మెలికగా కడితే బలమూ ఉంటుంది, సాగే వీలూ ఉంటుంది. ఆ మెలికలు పురుగులో కైటిన్‌తో కూడినవి, మొక్కలో లిగ్నిన్ చేరి గట్టిపడినవి. పనిలో మాల్పీగీ పొరబడ్డాడు గాని రూపంలో ఆయన కన్ను పొరబడలేదు.

పేరు వెంట ఊహ కూడా అరువు వచ్చిన మరో సందర్భం మొక్కల రసానిది. విలియం హార్వీ 1628లో రక్తం గుండె నుంచి బయలుదేరి దేహమంతా తిరిగి గుండెకే చేరుతుందని నిరూపించాక, సిరలున్న మొక్కలో కూడా రసం అలాగే చుట్టు తిరగాలని పలువురు అనుకున్నారు, ఆ ప్రసరణకు కావలసిన కవాటాలను కూడా వెతికారు. ఈ ఊహను కొలతలతో పడగొట్టినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు. 1727లో ప్రచురించిన గ్రంథంలో ఆయన కోసిన కొమ్మలను తలకిందులుగా నీళ్లలో ఉంచితే కూడా అవి నీరు పీల్చుకోవడం చూపించాడు, కవాటాలే ఉంటే అది సాధ్యం కాదు. కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను రోజూ తూచి, ఎంత పరిమాణానికి అంత లెక్కవేస్తే అది మనిషి కంటే పదిహేడు రెట్లు ఎక్కువ నీటిని ఆవిరిగా వదులుతుందని తేల్చాడు. అంటే వేళ్లు పీల్చిన నీటిలో అత్యధిక భాగం తిరిగి కిందికి రాదు, ఆకుల దారిన గాలిలో కలిసిపోతుంది. గుర్రం ధమనిలో గాజుగొట్టం గుచ్చి రక్తపీడనాన్ని మొదటిసారి కొలిచినవాడు కూడా ఈ హేల్సే కావడం గమనించదగినది. రెండు దేహాల్లోనూ ద్రవాలను ఒకే పద్ధతిలో కొలిచాడు కాబట్టే అవి ఒకటి కావని చెప్పగలిగాడు.

ఉమ్మడి పేర్లన్నిటిలో ఎక్కువ చిక్కు తెచ్చినది అండాశయం. పదిహేడో శతాబ్ది నడిమి దాకా స్త్రీ దేహంలోని ఆ అవయవాలను ఆడ వృషణాలనే పిలిచేవారు. సొరచేప జాతిని కోసి చూసిన నికొలస్ స్టీనో, అవి పక్షులలో గుడ్లు తయారయ్యే అవయవానికి సమానమని 1667లో సూచించగా, డచ్చి వైద్యుడు రెగ్నియే ద గ్రాఫ్ 1672లో ఆ పేరును గట్టిగా నిలబెట్టాడు. క్షీరదాల అసలు అండాన్ని ఫన్ బేయర్ 1827లో గాని చూడలేదు కాబట్టి, అవయవానికి పేరు పెట్టే నాటికి అందులోని అండం ఎవరి కంటా పడలేదన్నమాట. పువ్వులలో లింగభేదం ఉన్నదని కమెరారియస్ 1694లో ప్రయోగాలతో చూపాక, 1717 జూన్‌లో పారిస్ రాజోద్యానంలో సెబాస్టియన్ వయాఁ ఇచ్చిన ఉపన్యాసంలో పువ్వు అడుగున ఉబ్బెత్తుగా ఉండే భాగం అండాశయమైంది, అందులోని గుండ్లు చిన్న అండాలయ్యాయి. ఆశ్చర్యమేమిటంటే, పువ్వులను పెళ్లిపడకలుగా, కేసరాలను భర్తలుగా వర్ణించి పెద్దలను నొప్పించిన లినేయస్ మాత్రం ఆ భాగానికి అండాశయమన్న పేరు వాడకుండా, మొలక అని అర్థమిచ్చే లాటిన్ మాటనే వాడాడు. ఆ మాట నిలవలేదు, వయాఁ మాటే నిలిచింది.

నిజానికి పువ్వు అండాశయం అండకణాలను తయారు చెయ్యదు. బెండకాయను అడ్డంగా కోసి చూస్తే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది, ఎందుకంటే బెండకాయ అంటే ఫలదీకరణ తరవాత పెరిగిన అండాశయమే. అందులో కనిపించే అయిదు గదులు అయిదు ఫలదళాలు, ఒక్కో ఫలదళం అంచులు ముడుచుకుని నడిమి స్తంభం దగ్గర అతుక్కున్న ఆకు వంటిది. పువ్వులోని భాగాలన్నీ రూపం మార్చుకున్న ఆకులేనని గేటే 1790లో ప్రతిపాదించిన భావనకు, పుష్పాంగాలను నిర్ణయించే జన్యువులు పనిచెయ్యనప్పుడు వాటి చోట ఆకుల వంటివే మొలవడం గట్టి ఆధారంగా నిలిచింది. నడిమి స్తంభానికి అంటుకుని వరుసలుగా ఉన్న గింజలు ఒకప్పటి అండాలు. అండమని పేరు ఉన్నా అవి అండకణాలు కావు, ఒక్కొక్కటీ పొరల చాటున ఒక చిన్న కోశాన్ని దాచుకున్న నిర్మాణం. ఆ కోశంలో క్షయకరణ విభజన జరిగి ఏర్పడేది కూడా అండకణం కాదు, సిద్ధబీజం. సాధారణంగా నాలుగింటిలో మూడు నశించి ఒకటి మిగులుతుంది, అది లోలోపలే విభజన చెంది, చాలా జాతులలో ఏడు కణాలున్న పిండకోశమవుతుంది. ఆ ఏడింటిలో ఒకే ఒకటి అసలు అండకణం.

జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ హాఫ్‌మైస్టర్ 1851లో నాచుమొక్కల నుంచి శంఖాకార వృక్షాల దాకా పోల్చి చూపిన తరవాత గాని ఈ వ్యవహారం అర్థం కాలేదు. జంతువులో క్షయకరణ విభజన తిన్నగా శుక్రకణాన్నో అండాన్నో ఇస్తుంది. మొక్కలో అది సిద్ధబీజాన్ని ఇస్తుంది, సిద్ధబీజం మొలిచి మరో తరం మొక్క అవుతుంది, ఆ రెండవ తరం మొక్క అండాలనూ శుక్రకణాలనూ ఇస్తుంది. ఫెర్న్ జాతుల్లో ఆ రెండవ తరం గోరంత ఆకుపచ్చ రేకుగా నేలమీద విడిగా బతుకుతుంది. పూలమొక్కలో ఆడ తరం ఆ ఏడు కణాలకు, మగ తరం పరాగరేణువులోని రెండు మూడు కణాలకు కుదించుకుపోయింది. పరాగరేణువు శుక్రకణం కాదు, శుక్రకణాలను మోసే అతి చిన్న మగమొక్క. అండాశయమేమో వాటిని చుట్టి ఉన్న మొదటి తరం మొక్క దేహభాగం. ఈ లెక్కన స్త్రీ అండాశయానికీ పువ్వు అండాశయానికీ ఉన్న దూరం, ఇంట్లో పుట్టినవారికీ ఆ ఇంటి ప్రహరీకీ ఉన్నంత. తెలుగు పాఠ్యపుస్తకాలు మనిషి విషయంలో స్త్రీబీజకోశమనీ, పువ్వు విషయంలో అండాశయమనీ వేరు చేసి రాయడం ఈ దృష్టితో చూస్తే మెచ్చదగినదే గాని, పత్రికలూ ఆసుపత్రులూ రెండింటికీ అండాశయమనే వాడుతున్నాయి కాబట్టి ఆ భేదం బడి దాటి రాలేదు.

విత్తనాన్ని గుడ్డుగా చూసిన ఎంపెడోక్లిస్ వారసత్వం మరికొన్ని పేర్లలో మిగిలింది. కోడిగుడ్డును పగలగొట్టినప్పుడు పచ్చసొనకు రెండు వైపులా మెలితిరిగి కనిపించే చిక్కని తెల్లని తాళ్ల పేరు చలాజా. మొక్క అండంలో పొరలన్నీ కలిసే అడుగు భాగం పేరూ చలాజాయే, రెండింటికీ ఉమ్మడి ఏమీ లేదు. మొలకకు ఆహారమయ్యే అంకురచ్ఛదాన్ని గ్రూ తెల్లసొన పేరుతో ఆల్బుమెన్ అన్నాడు. కొబ్బరినీళ్లూ కొబ్బరీ ఆ అంకురచ్ఛదపు రెండు రూపాలు: నీళ్లలో కేంద్రకాలు కణగోడలు లేకుండా తేలుతుంటాయి, గోడలు ఏర్పడినచోట అది కొబ్బరిగా గట్టిపడుతుంది. పక్షి తెల్లసొన తల్లి స్రవించినది. అంకురచ్ఛదం అలా కాదు, ఒక శుక్రకణం అండకణంతో కలిసేటప్పుడే రెండవ శుక్రకణం పిండకోశపు నడిమి కణంతో కలవగా పుట్టిన, మూడు క్రోమోజోమ్ సముదాయాలున్న ప్రత్యేక కణజాలం. ఈ రెండు కలయికలను 1898లో నవాషిన్ కనిపెట్టాక ఆల్బుమెన్ అన్న పేరు క్రమంగా మరుగునపడింది.

అరువు ఒకవైపే నడవలేదు. మెదడు, మూత్రపిండం, అడ్రినల్ గ్రంథి వెలుపలి పొరకు ఉన్న కార్టెక్స్ అనే పేరు లాటిన్‌లో చెట్టు బెరడుది, లోపలి భాగానికి ఉన్న మెడుల్లా ఎముక మజ్జకూ చెట్టు నడిమి మెత్తదనానికీ కూడా చెల్లేది. తెలుగు శాస్త్రరచయితలు వీటిని వల్కలం, దవ్వ అని తెచ్చుకోవడంతో, మూత్రపిండం గురించి చదివే విద్యార్థికి కూరకు తరిగే అరటిదవ్వ గుర్తుకు రావడం సహజమే. వృక్షశాస్త్రం మాత్రం అరటిదవ్వను దవ్వ అనడానికి ఒప్పుకోదు, ఎందుకంటే పైకి కనిపించే అరటిబోదె ఒకదానిలో ఒకటి చుట్టుకున్న ఆకుల మొదళ్లే, మధ్యలో తెల్లగా ఉండి గెలను మోసే ఆ ఊచ మొత్తం మొక్కకు నిజమైన కాండం. ఇక నాడీకణపు కొమ్మలకు చెట్టు పేరుతో డెండ్రైట్లనీ, కొండనాలుకకు చిన్న ద్రాక్షపండనీ, మెదడులో భయాన్ని నడిపే ముద్దకు బాదం గింజ పేరుతో అమిగ్డలా అనీ వచ్చిన పేర్లు ఆకారాన్ని చూసి పెట్టినవే కాబట్టి ఎవరినీ పెద్దగా తికమక పెట్టలేదు.

తికమక పెట్టినవి దిక్కుల పేర్లు. జంతువుకు వీపు ఏదో పొట్ట ఏదో తెలుస్తుంది, ఆకుకు వీపు ఎటువైపు? ఎండకు ఎదురుగా ఉన్న పైతలమే వీపని ఎవరైనా అనుకుంటారు, కాని పాత వృక్షశాస్త్రజ్ఞులలో చాలామంది మొగ్గదశలో కాండాన్ని హత్తుకుని ఉండే తలాన్ని ఉదరమనీ, బయటివైపును పృష్ఠమనీ లెక్కించారు. ఆ లెక్కలో విచ్చుకున్న ఆకు పైతలం పొట్ట అవుతుంది, అడుగుతలం వీపవుతుంది. చిక్కుడుకాయలో గింజలు అంటి ఉండే అంచు ఉదరరేఖ, ఎదుటి అంచు పృష్ఠరేఖ కావడానికీ కారణం ఇదే. ఈ గొడవ పడలేక నేటి వృక్షశాస్త్రం చాలాచోట్ల కాండం వైపు తలం, కాండానికి ఎడమైన తలం అనే అర్థమిచ్చే కొత్త మాటలకు మారింది. జంతుశాస్త్రం నుంచి తెచ్చుకున్న మాటను వదులుకుని వృక్షశాస్త్రం సొంత మాట చేసుకున్న కొద్ది సందర్భాలలో ఇది ఒకటి.

పోలికలను తూచడానికి ఒక త్రాసును ఇచ్చినవాడు బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్. 1843లో ఆయన చేసిన విభజనే పదో తరగతి పుస్తకాలలోని నిర్మాణసామ్య అవయవాలూ క్రియాసామ్య అవయవాలూ: మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క మొదటి రకం, గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క రెండవ రకం. మొదటి రకం పోలికకు కారణం ఉమ్మడి పూర్వీకుడని డార్విన్ తరవాత అందరికీ అర్థమైంది. మొక్కలకూ జంతువులకూ ఉమ్మడి పూర్వీకుడు లేకపోలేదు గాని, నూరు కోట్ల ఏళ్లకు చాలా పూర్వం జీవించిన ఆ పూర్వీకుడు ఒంటికణపు జీవి. దానికి అండాశయం లేదు, చర్మం లేదు, నాళం లేదు. బహుకణ దేహాన్ని మొక్కలు ఒకసారి, జంతువులు మరొకసారి విడివిడిగా కట్టుకున్నాయి కాబట్టి, అవయవాల స్థాయిలో ఈ రెండింటి మధ్య వంశపారంపర్యంగా వచ్చిన సామ్యం ఉండే వీలే లేదు.

ఉన్నదల్లా పని తెచ్చిన సామ్యం, అది కూడా తక్కువదేమీ కాదు. 1926లో సెసిల్ మర్రే రక్తనాళాల గురించి ఒక లెక్క చెప్పాడు: తక్కువ ఖర్చుతో రక్తం పారాలంటే పెద్ద నాళం వ్యాసార్థపు ఘనం, దాని నుంచి చీలిన చిన్న నాళాల వ్యాసార్థాల ఘనాల మొత్తానికి సమానం కావాలి. 2003లో అమెరికా పరిశోధకులు మొక్కల దారునాళాలను కొలిచినప్పుడు, ఆ నాళాలు చెట్టు బరువును మోసే పని లేకుండా నీటిని మాత్రమే మోస్తున్న చోట్ల అదే లెక్క సరిపోయింది. గుండె లేని మొక్క, గుండె ఉన్న జంతువు ఒకే గణితానికి లోబడ్డాయి.

నాడి అనే మాట దగ్గర తగవు ఇప్పటికీ తీరలేదు. కీటకాలను పట్టే వీనస్ ఫ్లైట్రాప్ ఆకులో విద్యుత్ స్పందనలను బర్డన్ శాండర్సన్ 1873లోనే కొలిచాడు. అత్తిపత్తిని ముట్టుకున్నప్పుడు కాడ మొదట్లోని ఉబ్బులో ఒకవైపు కణాల నుంచి పొటాషియం అయాన్లూ వాటి వెంట నీరూ బయటికి పోవడంతో ఆకు వాలుతుంది, ఆ వార్త ఆకు నుంచి ఆకుకు విద్యుత్ రూపంలో సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. దీనిని ఎన్నో ఏళ్లు సొంత పరికరాలతో పరిశోధించిన జగదీశ్ చంద్ర బోస్ 1926లో మొక్కల నాడీయంత్రాంగం పేరుతో గ్రంథమే రాశాడు. మొక్కలలో ఆయన చూసిన విద్యుత్ సంకేతాలను తరవాతివారు ధ్రువపరిచారు, వాటికి నాడి అన్న పేరును మాత్రం ఒప్పుకోలేదు. ఈ శతాబ్ది మొదట్లో కొందరు మొక్కల నాడీశాస్త్రం అంటూ కొత్త శాఖ ప్రారంభించగా, నాడీకణం గాని మెదడు గాని లేని జీవికి ఆ పేరు తగదని 36 మంది వృక్షశాస్త్రజ్ఞులు 2007లో ఉమ్మడి లేఖ ప్రచురించారు. వారి అభ్యంతరం న్యాయమైనదే, ఎందుకంటే నాడి అనగానే నొప్పి, జ్ఞాపకం, తెలివి అనే మాటలు పిలవకుండానే వెంట వస్తాయి. అయితే పురుగు కొరికిన ఆకులో గ్లూటమేట్ విడుదలై, దాని ప్రేరణతో కాల్షియం సంకేతం దూరపు ఆకులకు చేరుతుందని 2018లో తేలింది. ఆ గ్లూటమేట్‌ను గుర్తించే ప్రొటీన్లు మన మెదడులో అదే పదార్థాన్ని గుర్తించే ప్రొటీన్లకు జ్ఞాతులు. నాడి ఉమ్మడిది కాదు, దానికి వాడిన ముడిసరుకు ఉమ్మడిది.

ఆ ముడిసరుకు దగ్గరికి, అంటే కణం లోపలికి, వెళ్లినకొద్దీ లెక్క తారుమారవుతుంది. కేంద్రకం, మైటోకాండ్రియా, కశాభం అనే పేర్లు మొక్కకూ జంతువుకూ ఉమ్మడిగా ఉండడం పోలిక వల్ల వచ్చినది కాదు, వారసత్వం వల్ల వచ్చినది. పూలమొక్కల శుక్రకణాలకు ఈదే శక్తి లేదు, పరాగనాళం వాటిని మోసుకుపోతుంది. కాని 1896లో జపానులో హిరాసే గింకో చెట్టులోనూ, అదే ఏడు ఇకెనో సైకాస్‌లోనూ ఈదే శుక్రకణాలను కనుగొన్నారు. శేషాచలం కొండలలోనూ వాటి పరిసరాలలోనూ తప్ప మరెక్కడా సహజంగా పెరగని సైకాస్ బెడ్డోమీ కూడా ఆ కుటుంబానిదే. సైకాస్ కుటుంబపు శుక్రకణం కంటికి ఆనేంత పెద్దది, దాని చుట్టూ మెలికవరుసలో వేల కశాభాలుంటాయి, ఒక్కో కశాభాన్ని అడ్డంగా కోస్తే నడుమ రెండు గొట్టాలు, చుట్టూ తొమ్మిది జతలు కనిపిస్తాయి. మనిషి శుక్రకణం తోకలోనూ అదే రెండు, అదే తొమ్మిది జతలు.

పోలిక వల్ల వచ్చిన పేరుకూ వారసత్వం వల్ల వచ్చిన పేరుకూ ఉన్న ఈ భేదం నేడు పుస్తకాల వరకే పరిమితమైనది కాదు. ఏ జన్యువు ఏ అవయవంలో పనిచేస్తున్నదో నమోదు చేసే కంప్యూటర్ భాండారాలలో ఎలుకల సమాచారమూ ఆవజాతి మొక్క అరబిడాప్సిస్ సమాచారమూ పక్కపక్కనే చేరుతుంటాయి, అక్కడ అండాశయమని వెతికితే రెండూ కలగాపులగంగా వచ్చి పడతాయి. అందుకే మొక్కల భాగాలకు అంతర్జాతీయ పదకోశంగా రూపొందిన ప్లాంట్ ఆంటాలజీలో అండాశయం, అండం, పిండం వంటి పేర్లన్నిటికీ ముందు మొక్క అనే విశేషణం చేర్చి, ప్రతిదానికీ విడి సంఖ్య, విడి నిర్వచనం ఇచ్చారు. జంతువుల భాగాలకు ఉబెరాన్ అనే వేరే కోశం ఉన్నది. కణం లోపలి భాగాలను నమోదు చేసే జీన్ ఆంటాలజీలో మాత్రం కేంద్రకానికీ మైటోకాండ్రియాకూ అటువంటి విశేషణం అవసరం రాలేదు, ఎలుకకూ అరబిడాప్సిస్‌కూ అక్కడ ఒకే పద్దు నడుస్తున్నది.